బడిగోడకు ఆవలి చదువు

లెక్క తప్పిన బాలునికైనను, పద్యము మఱచిన బాలికకైనను మా జగిత్యాల జిల్లా కొడిమ్యాల ప్రాంతపు బడులలో పంతులుగారి నోట వెలువడెడు శాపవాక్య మొక్కటే: "నువ్వు బర్లు కాయను పో!" ఈ మాట మా తండ్రి వినెను, నేనును వింటిని, మెడకు టై బిగించుకొని ఇంగ్లీషు మీడియమునకు పోవు నేటి పిల్లలును వినుచునే యున్నారు. ఏది చదువో, ఏది చదువు కాదో ఒక్క వాక్యమున తేల్చివేసిన ఈ తీర్పును ఎవ్వరును ఆక్షేపించినట్లు కానరాదు. తొలకరి జల్లు పడిన పిదప ఏ గుట్టవాలున మొట్టమొదట పచ్చిక లేచునో, శివరాత్రి దాటినను ఏ వాగుమడుగున చెమ్మ నిలిచియుండునో, కోసిన జొన్నచేనిలో మరల మొలచిన లేత పిలకను మేసిన పశువు ఏల కూలునో ఎఱిగిన బాలుడు చదువురానివాడు. వీనిలో నొక్కటియు నెఱుగక, గడ్డిజాతుల లక్షణములను ఐదు మార్కుల ప్రశ్నకు తగినట్లు వ్రాయగలవాడు విద్యావంతుడు.

జర్మనీ దేశమున, నేను ప్రస్తుతము చదువుకొనుచున్న ఫ్రైబుర్గ్ వంటి నగరములనుండి పిల్లలను కొన్ని దినముల పాటు పల్లెలకు పంపి, ఆవులకు మేత వేయుట, కొట్టము శుభ్రపఱచుట, పాలు పిదుకుట నేర్పు పాఠశాలా క్షేత్రములు కలవు. ఆ దినములకు తలిదండ్రులు రుసుము చెల్లింతురు. ఉపాధ్యాయుడు వెంట పోవును. తిరిగి వచ్చిన పిదప పాలకొలతలనుండి లెక్కలును, మేతనుండి జీవశాస్త్రమును పాఠములుగా అల్లబడును. మా పంతులుగారి శాపము అక్కడ పాఠ్యప్రణాళికలో భాగమై యున్నది.

దీనిని చూచి పాశ్చాత్యులు జ్ఞానులనియు, మనము మూఢులమనియు వ్రాయుట నా యుద్దేశము కాదు. అట్టి వ్యాసములు విదేశమునకు పోయిన ప్రతి విద్యార్థియు మొదటి శీతకాలములో వ్రాసి, రెండవ శీతకాలమునకు సిగ్గుపడును. నేను చెప్పదలచిన దింతియే: మా పల్లె పిల్లలకు ప్రకృతి కొఱత ఏనాడును లేదు. ఆ ప్రకృతిని బడి తనదిగా ఒప్పుకొనకుండుటయు, దానిని ఎఱిగినవారిని గురువులుగా గుర్తింపకుండుటయు మాత్రమే కొఱత; ఈ కొఱత తీర్చుటకు మంచుబూట్లతోను, విదేశీ నిపుణులతోను పనిలేదు.

ఫ్రైబుర్గ్ నగరము ష్వార్ట్స్‌వాల్డ్ అను కొండయడవికి, అనగా ఇంగ్లీషు పుస్తకములలో బ్లాక్ ఫారెస్టు అను పేర మనము చదివిన దానికి, పడమటి గడప. నగర విస్తీర్ణమున ఐదింట రెండు పాళ్లు అడవియే. ట్రాముబండి దిగి కొంత దూరము నడచిన నగరమే స్థాపించిన వాల్డ్‌హౌస్ అను అటవీ విద్యాగృహము కనబడును. అక్కడికి పోవు త్రోవలో ఒకనాడు పది పండ్రెండేండ్ల పిల్లలు కొందఱు నఱికిన మ్రానుచుట్టు మోకాళ్లపై కూర్చుండి, కోతపై కనబడు వలయములను వెలుపలినుండి లోపలికి లెక్కించుచు, 2003వ సంవత్సరపు భయంకరమైన ఎండలకు సన్నబడిన వలయ మేదియా యని వెదకుచుండిరి. ఉపాధ్యాయిని ఏమియు చెప్పక ప్రక్కన నిలిచియుండెను. పిల్లలు తమలో తాము వాదించుకొనిరి, తప్పు లెక్కించిరి, మరల మొదలుపెట్టిరి. ఆ వలయమును కనుగొనిన పిల్లకు బహుమాన మేమియు లభింపలేదు; వెంటనే మఱియొక ప్రశ్న లభించినది. ఈ సంగతి ఇంటికి ఫోనుచేసి చెప్పగా మా యమ్మ నవ్వి, "సదువుకోను గంత దూరం పోయి అడివిల తిరుగుడేంది బిడ్డా? అడివి మనకాడ లేదా?" అనెను. ఆమె వేళాకోళమునకు అడిగినను, ఈ విషయమున అడుగదగిన ప్రశ్న అదియే.

ఆ దేశమున ఈ యలవాటు ఆకాశమునుండి ఊడిపడలేదు. రిఖార్డ్ షిర్మన్ అను ఒక సామాన్య బడిపంతులు తన విద్యార్థులను పలుదినముల కాలినడకకు తీసికొనిపోవుట వాడుకగా పెట్టుకొనెను. 1909వ సంవత్సరము ఆగస్టు మాసమున అట్టి యాత్రలో పెనుగాలివాన క్రమ్ముకొనగా, తల దాచుకొనుటకు చోటు దొరకక, సెలవులకు మూసియున్న ఒక పల్లెబడిలో గడ్డి పఱచుకొని వారు రాత్రి గడపిరి. పిల్లలు నిద్రించుచుండ మేలుకొనియున్న ఆ పంతులునకు, నడచిపోవు విద్యార్థులకై ఊరూర ఇట్టి చౌకబస ఏర్పడిన నెంత బాగుండునను తలంపు కలిగెను. 1912లో ఆల్టెనా కోటలో ఆయన నెలకొల్పిన బసయే ప్రపంచమున మొట్టమొదటి శాశ్వత యూత్ హాస్టలు. నేడు హైదరాబాదు మొదలుకొని హిమాలయముల దాక మన దేశమున ఉన్న యూత్ హాస్టళ్లు ఆ గాలివానకు దూరపు సంతానము. అట్టి వానలో చిక్కుకొనిన పంతులు మన దేశములో నయినచో, మరునాడు పై యధికారికి సంజాయిషీ వ్రాసికొని, మఱి ఏనాడును పిల్లలను గేటు దాటించియుండడు.

బడియీడు రాని పసివారికై అక్కడ అటవీ శిశువిద్యాలయములు కలవు. డెన్మార్కులో 1950ల యందు మొలకెత్తిన ఈ పద్ధతి 1968లో వీస్‌బాడెన్ నగరమునను, ప్రభుత్వ గుర్తింపుతో 1993లో ఫ్లెన్స్‌బుర్గ్ నందును జర్మనీలో ఆరంభమై, నేడు వేయికి మించిన చోట్ల నడచుచున్నది. అది నాలుగు గోడల భవనము కాదు. ఉదయమున పిల్లలను అడవియంచున దింపుదురు. తుపాను వచ్చిన తలదాచుకొనుటకు చక్రముల గది యొకటి ఉండును. మిగిలిన దినమంతయు చెట్లక్రిందనే. మూడు నాలుగేండ్ల పిల్లలు చిన్న కత్తితో కొమ్మ చెక్కుదురు, బురదలో పడుదురు, లేతురు, పుట్టగొడుగును చూతురే గాని అడుగక ముట్టరు. అక్షరములు నేర్పుటకు ఆరేండ్లు వచ్చువఱకు ఎవ్వరికిని తొందర లేదు. మన హైదరాబాదులో మూడేండ్ల బిడ్డకు ప్రవేశపరీక్ష పెట్టు బడులు ఉన్నవని నా సహాధ్యాయులతో చెప్పగా వారు దానిని పరిహాసమనుకొనిరి.

ఇంతకంటె నన్ను ఆశ్చర్యపఱచినది అక్కడి చట్టము. విహారమునకై అడవిలో ప్రవేశించు హక్కును 1975 నాటి సమాఖ్య అటవీ చట్టము ప్రతివానికి ఇచ్చినది. అడవి ప్రభుత్వముదైనను, ప్రైవేటు యజమానిదైనను ఈ హక్కు చెల్లును. బవేరియా రాష్ట్రము ఇంకొక యడుగు ముందుకు వేసి, 1946 నాటి తన రాజ్యాంగములోని 141వ అధికరణమున, అడవిలోను కొండబీళ్లలోను తిరుగుటయే కాక, వాడుకగా కోసికొనునంత మేరకు అడవిపండ్లు కోసికొనుట కూడ పౌరుల హక్కని వ్రాసికొనినది. యుద్ధములో ఓడి, నగరములు శిథిలములై, ప్రజలు ఆకలితో నున్న కాలమున, రాజ్యాంగమును వ్రాయుచున్న పెద్దలు అడవిపండ్లను మఱవలేదు. మా ఊరి యడవిలో మొఱ్ఱిపండ్లకై పోయిన పిల్లలు అటవీశాఖవారి బండి చప్పుడు విని పొదలలో దాగుట ఎఱిగిన నాకు ఆ వాక్యము చదివిన నాడు కొంత అసూయ కలిగినదని చెప్పుటకు సందేహింపను.

అయినను అడవిలో తిరిగినంత మాత్రమున మనుజుడు మంచివాడగునని నమ్మరాదు. 1901లో బెర్లిను శివార్లనుండి బయలుదేరిన వాండర్‌ఫోగెల్ అను యువజనోద్యమము, కొండలు కోనలు పట్టి పాడుకొనుచు తిరిగిన పిల్లల యుద్యమము, ఎంత నిర్మలముగా ఆరంభమైనను, 1933 తరువాత అట్టి స్వతంత్ర సంఘము లన్నియు రద్దయి, వారి నడకలు, పాటలు, చలిమంటలు హిట్లరు యువసేనకు ఊడిగము చేసినవి. చెట్లపై ప్రేమ మనుష్యులపై ద్వేషముతో కలిసి కాపురము చేయగలదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కఱలేదు. ఇక ఆ ష్వార్ట్స్‌వాల్డ్ సంగతి యన్ననో, అది మనము భ్రమించునట్టి ఆదిమారణ్యము కానే కాదు. గనులకును, గాజు కొలుములకును, హాలెండు ఓడలకును మ్రాకులు నఱికి, తెప్పలు కట్టి రైను నదిలో తేలవిడిచి, పందొమ్మిదవ శతాబ్దము నాటికి ఆ కొండలను చాలమేర బోడిగుట్టలు చేసిరి. పిదప త్వరగా ఎదుగు స్ప్రూస్ మొక్కలను వరుసలు తీర్చి నాటిరి. 2018 మొదలు మూడేండ్లు వానలు తప్పగా, బెరడు పురుగు తగిలి ఆ స్ప్రూసులు జర్మనీ అంతట తోపులు తోపులుగా ఎండిపోయినవి. అక్కడి ఉపాధ్యాయులు ఈ చరిత్రను పిల్లలకు దాచరు; ఎండిన తోపునొద్దకే తీసికొనిపోయి, తాతలు చేసిన పొరపాటు ఇది యని చూపుదురు. నాకు అక్కడి విద్యలో అన్నిటికంటె నచ్చిన పాఠము ఆ ఎండిన తోపే.

ఆ జర్మను అడవికిని మన అడవికిని చుట్టరికము కూడ కలదు. బాన్ నగరమున వృక్షశాస్త్రము బోధించుచుండిన డీట్రిష్ బ్రాండిస్ అను పండితుని బ్రిటిషువారు 1856లో బర్మా అడవులకు పిలిపించి, 1864లో భారతదేశపు అడవులన్నిటికిని మొదటి ఇన్‌స్పెక్టర్ జనరలుగా నియమించిరి. డెహ్రాడూనులో అటవీ పాఠశాల 1878లో వెలసినది ఆయన చలవ. ఉద్యోగము చాలించి స్వదేశమునకు మరలిన పిదప కూడ, భారత అటవీశాఖకు ఎంపికయిన ఆంగ్లేయ యువకులకు జర్మను అడవులలో ప్రత్యక్షశిక్షణ ఇప్పించు భారమును ఆయన వహించెను. పరిహాసము విధికే తెలియవలెను! మన అడవులను ఏలవచ్చిన దొరలు చెట్టునీడన, మట్టిపై నడచి, చేతితో తాకి చదువుకొనిరి. తరతరములుగా ఆ చెట్టునీడన బ్రదికినవారిని మాత్రము 1878 నాటి అటవీ చట్టము రిజర్వుల పేర గిరి గీసి వెలుపల నిలిపినది. న్యాయముగా చెప్పవలెనన్న బ్రాండిస్ పల్లెప్రజల హక్కులను కొంతయైనను నిలుపవలెనని వాదించినవాడే. ఆ వాదము నెగ్గలేదు.

రిజర్వు గిరుల పద్ధతి నిజాము రాజ్యమునకును ప్రాకెను. దాని ఫలితము జోడేఘాట్ కొండలలో 1940లో కొమరం భీము నెత్తురుగా చిందినది. భీము నడపిన తిరుగుబాటుకు కారణములు తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము నియోగించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశస్థుడు. ఆయన గోండు గూడెములలో ఒకటైన మార్లవాయిలో గుడిసె వేసికొని భార్యతో కాపురముండి, 1943లో అక్కడనే ఉపాధ్యాయ శిక్షణకేంద్రము నెలకొల్పించెను. దాని విశేషము ఏమనగా, గోండు యువకులనే గురువులుగా తీర్చి, గోండీ భాషలోనే వాచకములు సిద్ధము చేయించి, పిల్లవానికి తన గూడెములో కనబడు వస్తువునుండియే అక్షరము నేర్పుట. జగిత్యాలకు ఉత్తరమున గోదావరి దాటి కొంత దూరము పోయిన చేరదగిన చోట ఎనుబదేండ్ల క్రిందట జరిగిన ఈ ప్రయోగమును మన బి.ఎడ్. కళాశాలలలో ఎందఱు చదువుదురో నాకు సందేహము; ఫ్రోబెలు, మాంటిసోరి పేర్లు మాత్రము అందఱికిని కంఠస్థములు.

మరల మా యూరికి వత్తును. కొడిమ్యాల మండలపు అడవి, కొండగట్టు అంజన్న గుట్టలతో కలిసిన యీ మెట్టయడవి, చూచుటకు ష్వార్ట్స్‌వాల్డ్ వలె గంభీరము కాదు. ఎండకాలమున ఆకు రాల్చి, రాళ్లు తేలి, బీదగా కనబడును. కాని ఆ ఆకు రాలుటయే ఒక గ్రంథము. మాఘఫాల్గుణములలో ఆకులేని కొమ్మలపై మోదుగు నిప్పువలె పూయును. పిదప ఇప్పపూవు తెల్లవాఱుజామున రాలును. ఎండలు ముదిరిన కొలది తునికిపండ్లు, మొఱ్ఱిపండ్లు వచ్చును. వానలు వెనుకబట్టిన పిదప సీతాఫలములు, సంక్రాంతికి రేగుపండ్లు. ఏ నెలలో ఏది యని చెప్పగల పిల్ల ఋతువులను క్యాలెండరు లేకయే చదువగలదు.

తునికిచెట్టు సంగతి కొంత విపులముగా చెప్పవలెను, ఏలయనగా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో వేలాది కుటుంబముల కంచములో కూడు ఆ యాకునుండి వచ్చినదే. వేసవికి ముందు పొదలను నేలమట్టముగా కొట్టుదురు; కొట్టిన మొదలునుండి లేచిన చిగురే మెత్తనై, ఈనెలు పలుచనై బీడీకి పనికివచ్చును. తెల్లవాఱకముందే అడవికి పోయి తెంపి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి, కల్లమున అప్పగింతురు. ఉమ్మడి రాష్ట్రమున 1971 నాటి చట్టముతో ఈ వర్తకము ప్రభుత్వము చేతిలోనికి వచ్చినది. ఎండిన యాకును తడిపి, కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టు స్త్రీ వ్రేళ్లకు ఆకు వయస్సు తెలియును, అది ఏ నేలలో పుట్టెనో తెలియును. మా యింటి ముంగిట చాట ఒడిలో నుంచుకొని బీడీలు చేయు ఆడవారి నడుమ పెరిగిన నేను ఆ చెట్టు శాస్త్రీయనామమును పుస్తకమున చదివి పరీక్షలో వ్రాసితిని. ఆ పుస్తకమును ఆ స్త్రీలను ఒక్క గదిలో కూర్చుండబెట్టవలెనని మాత్రము ఏ గురువునకును తోచలేదు. పొదను కొట్టిన చిగురెట్లు వచ్చును, వేళ్లలో ఆహార మెట్లు నిలువయుండును, పొగాకు ధూళి చుట్టువారి ఊపిరితిత్తులను ఏమి చేయును, ఆ కూలి ఏ లెక్కన నిర్ణయమగును అను ప్రశ్నలలో వృక్షశాస్త్రము, ఆరోగ్యము, అర్థశాస్త్రము మూడును ఒక్క ఆకుపై ఇమిడియున్నవి.

బతుకమ్మ సంగతి అందఱెఱిగినదే కనుక క్లుప్తముగా చెప్పుదును. పెత్రమాస మొదలు తొమ్మిది దినములు తంగేడు, గునుగు, కట్ల, బీర, గుమ్మడి పూవులకై ఆడపిల్లలు చేలగట్లు, గుట్టలు వెదకుట మన ప్రాంతపు అతి ప్రాచీన క్షేత్రపర్యటన. జొన్నచేలలో కలుపుగా మొలచు గునుగు, కలుపుమందుల వాడుక పెరిగినకొలది దొరకుట కష్టమగుచున్నదని మా యూరి స్త్రీలు చెప్పుదురు. ఏ సంవత్సరము ఎంత దూరము పోయిన గునుగు దొరకినది యని ఒక బడి పిల్లలు పదేండ్లు వరుసగా వ్రాసియుంచిన, అది ఏ విశ్వవిద్యాలయమునకైనను అక్కఱకు వచ్చు పరిశోధన అగును. ఆ తొమ్మిది దినములును బడికి సెలవులు. చదువు నడచుచుండగా బడి మూసియుండుట యన్నమాట.

ఇట్లనిన, పర్యావరణ విద్య మన బడులలో లేదా యని అడుగువారుందురు. ఉన్నది, పుష్కలముగా నున్నది. ఎం.సి. మెహతా వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 1991వ సంవత్సరమున ఆదేశించిన పిదప ఒకటవ తరగతినుండి డిగ్రీ వఱకు పర్యావరణము తప్పనిసరి పాఠ్యమైనది. నేను ఇంజనీరింగు చదివిన కాలమునను అట్టి పుస్తకము ఒకటి ఉండెను. ఓజోను పొర, హరితగృహ వాయువులు, జీవవైవిధ్యము, నిర్వచనములు, తేడాలు. పరీక్ష ముందునాటి రాత్రి కంఠస్థము చేసి, మరునాటి సాయంకాలమునకు మఱచిపోవుటకు ఇంతకంటె అనుకూలమైన విషయము లేదు. న్యాయస్థానము కోరినది పిల్లలకు ప్రకృతి యెడ మెలకువ. మన విద్యాశాఖలు ఇచ్చినది ఒక అదనపు ప్రశ్నపత్రము. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వఱకు పిల్లలకు పది దినములు సంచిలేని చదువు ఉండవలెనని చెప్పినది. మంచిమాటయే. కాని పది దినములను సంవత్సరమునకు ఒక విహారయాత్రగా ముగించి, ఫోటోలు తీసి పై కార్యాలయమునకు పంపుట మనవారికి బాగుగా తెలిసిన విద్య.

తలిదండ్రుల భయములను తేలికగా చూడరాదు. గల్ఫు ఎండలలో కూలి చేసి, అక్కడినుండి పంపిన సొమ్ముతో కొడుకును బడికి పంపు తండ్రి, ఆ కొడుకు చెట్లక్రింద తిరుగుచున్నాడని విన్నచో గుండె బాదుకొనుట సహజము. మట్టినుండి తప్పించుటకే ఆయన ఆ బిడ్డను చదివించుచున్నాడు. అట్టివానికి ప్రకృతి సౌందర్యమును గూర్చి ఉపన్యసించుట అమర్యాద. ఆయనకు లెక్క చూపవలెను. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 12 ప్రాథమిక పాఠశాలలలో ఒకటవ తరగతి పిల్లలపై నడపి, 2015లో ప్రచురించిన పరీక్షలో, సగము బడులలో దినమునకు అదనముగా 40 నిమిషములు ఆరుబయట గడపు తరగతి పెట్టిరి. మూడేండ్ల పిదప దూరపుచూపు మందగించిన పిల్లలు ఆ బడులలో నూటికి 30.4, మిగిలిన బడులలో 39.5. తైవాను ప్రభుత్వము 2010 నుండియే దినమునకు 120 నిమిషములు బయట గడపవలెనని బడులకు చెప్పుచున్నది. ఫోనుతెరకును, పుస్తకమునకును కన్నులప్పగించిన మన పిల్లలకు అద్దములు ఏ వయస్సున వచ్చుచున్నవో కంటివైద్యునొద్ద వరుసలో కూర్చున్న తలిదండ్రులకు నేను చెప్పనక్కఱలేదు.

ఎండ మాటకు కూడ సమాధానము కలదు. మార్చి నడుమనుండి ఒంటిపూట బడులు నడచు దేశమున, మేనెలలో 45 డిగ్రీలు దాటు జిల్లాలో, ఐరోపావారి వలె వేసవిని చూచికొని బయటికి పోవుట వెఱ్ఱితనము. వారికి చలి యెట్లో మనకు ఎండ అట్లు. వారు చలిలోను దుస్తులు మార్చుకొని పోవుదురు గాని, మనము ఎండకు కాలము మార్చుకొనవలెను. దసరానుండి శివరాత్రి వఱకు ఉదయపు పూటలు మనవి. పాముల భయమున్నచో, పాము ఏ రాళ్లక్రింద నుండునో ఎఱిగినవానిని వెంట తీసికొనిపోవుటయే ఉపాయము.

బయటి చదువు ధనికుల బిడ్డల వేడుక యను మాట కూడ వినబడును. మదనపల్లె చెంత రిషివ్యాలీ పాఠశాల బోడిగుట్టల లోయను దశాబ్దముల కృషితో పచ్చగా మార్చి, 1991లో పక్షుల సంరక్షణస్థలముగా ప్రకటించికొని, పిల్లలకు పక్షులను గుర్తించుట పాఠముగా నేర్పుచున్నది. అది సామాన్యులు తమ బిడ్డలను పంపగల బడి కాదనుట నిజమే. కాని మన పొరుగున, నాటి నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునుండి వచ్చి, తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచుండిన మాలావత్ పూర్ణ సంగతి ఏమందుము? కూలివారి బిడ్డ, భువనగిరి గుట్ట బండరాతిపై ఎక్కుట నేర్చెను, పదునాలుగేండ్లు నిండకయే, 2014 మే 25వ తేదీన, ఖమ్మము జిల్లా గురుకుల విద్యార్థి ఆనందకుమారుతో కూడ, టిబెట్టు వైపునుండి ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. ఈ కథను మన పత్రికలు సాహసముగా వ్రాసినవి, సన్మానములు జరిగినవి, చాల సంతోషము. నాకు మాత్రము అందు శిఖరముకంటె భువనగిరి గుట్ట ముఖ్యముగా తోచును. ప్రభుత్వ గురుకులము తలచుకొనిన, పేదపిల్లల బయటి చదువును తన పనిగా చేసికొనగలదని ఆ గుట్ట నిరూపించినది. ఒక్కరిని ఎవరెస్టునకు పంపుట కంటె వేయిమందిని కొండగట్టు గుట్టల నడుమ వాగు పుట్టుచోటికి తీసికొనిపోవుట చౌక. ఆ పనికి పత్రికలలో ఫోటో రాదనుట యొక్కటే దానిలోని లోపము.

సాధనములు లేవనుటకు వీలులేదు. 2020 నుండి పంచాయతీలలో పల్లె ప్రకృతి వనములు వేసినారు. అనేక చోట్ల వానికి తాళము కూడ వేసినారు. ఆ తాళపుచెవి ఒకటి బడి ప్రధానోపాధ్యాయుని చేత నుండవలెను. కొడిమ్యాల మండలములోనే, నాచుపల్లి యొద్ద గుట్టల పాదమున, 2007 నుండి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల నడచుచున్నది. ఆ విద్యార్థుల పర్యావరణ పాఠ్యములో కొంత భాగము మార్చి, చుట్టుప్రక్కల చెఱువుల లోతు, బావుల నీటిమట్టము, చెట్ల జాబితా ఏటేట కొలిచి, ఊరి బడి పిల్లలతో కలిసి వ్రాయించిన నెవరి చదువునకును భంగము లేదు. రిజర్వు అడవిలోనికి బడిపిల్లల ప్రవేశమునకు ప్రతిసారి దరఖాస్తు పెట్టు పని లేకుండ, విద్యాశాఖయు అటవీశాఖయు సంవత్సరమునకు ఒక్క ఉత్తరువుతో సరిపెట్టవచ్చును. ప్రమాదము జరిగిన నిందంతయు ఒంటరి ఉపాధ్యాయునిపై పడకుండ ఆ యుత్తరువులోనే వ్రాసియుంచుట న్యాయము. లేనిచో షిర్మన్ వంటి పంతులు మన గడ్డపై పుట్టినను గాలివానను చూచి వెనుదిరుగును.

ఇక మిగిలినది గురువుల మాట. ఉపాధ్యాయునకు చెట్ల పేర్లు తెలియకుండుట నేరము కాదు. ఆయన కూడ ఈ బడులలోనే చదివెను. తెలిసినవారు ఊరిలో ఉన్నారు: గొఱ్ఱెలకాపరి కురుమ పెద్దలు, నాటుమందు లెఱిగిన ముసలమ్మలు, చేపల వల వేయు ముదిరాజులు, తునికాకు తెంపు స్త్రీలు. తునికాకు కల్లమున కట్టలు లెక్కించు కల్లేదారునకు ప్రతిఫలము నిర్ణయమై యున్నది. మధ్యాహ్న భోజనము వండు స్త్రీకి గౌరవవేతనము కలదు. బడిపిల్లలకు ఒక పూట అడవిని చూపు కాపరికి మాత్రము ఏ పద్దులోను చోటు లేదు. సంచిలేని దినములను గూర్చి వ్రాసినవారు వడ్రంగిని, కుమ్మరిని, తోటమాలిని పేర్కొనిరి. ఆ వరుసలో కాపరిని కూడ చేర్చి, ఆయన పూటకూలిని మండల విద్యాధికారి కార్యాలయపు ఖర్చులలో వ్రాయుటకు శాసనసభ తీర్మానముతో పనిలేదు. దసరా సెలవులు ముగిసి బడి తెఱచునాటికి ఆ యొక్క పద్దు తెఱచినచో, చేలలో గునుగు ఇంకను నిలిచియుండగనే మొదటి తరగతి నడపవచ్చును.